పదకొండు సెంట్ల జాగా ఇవ్వలేమా?

ఒలింపిక్ స్వర్ణం తెస్తే 7 కోట్ల రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన క్రీడా విధానంలో ఉంది. అంతకుముందు ఆ మొత్తం 75 లక్షలు. పెంచినందుకు సంతోషమే. కానీ నంద్యాలలో పిల్లలు స్కేట్‌బోర్డు (చక్రాల పలక) మీద ఆడుకునేందుకు ఒక పబ్లిక్ స్కేట్‌పార్కు కట్టమని అడిగితే, "ముందు మురుగు కాలువల సంగతి చూడండి" అనే జవాబే వస్తోంది. స్వాగత తోరణాలకు, విగ్రహాలకు, రోడ్డు మధ్య రంగుల దీపాలకు అడ్డురాని మురుగు కాలువ పిల్లల ఆట దగ్గరికి వచ్చేసరికే ఎందుకు అడ్డొస్తుంది? నంద్యాలలో ఒకటి, ఆళ్లగడ్డలో చిన్నది ఒకటి మున్సిపాలిటీలే కట్టాలి. రుసుము లేకుండా తెరవాలి. డబ్బు లేదు, స్థలం లేదు అనే వాదన రెండూళ్లలోనూ నిలవదు.

ఎందుకు నిలవదో జన్వార్‌ను చూస్తే తెలుస్తుంది. మధ్యప్రదేశ్‌లో పన్నా పులుల అభయారణ్యం పక్కనున్న ఆ ఊరి జనాభా వెయ్యి పైచిలుకు. ఉండేది ఎక్కువగా ఆదివాసులు, యాదవులు. 2015లో జర్మనీకి చెందిన ఉల్రికే రైన్‌హార్ట్ చొరవతో, వేర్వేరు దేశాల స్వచ్ఛంద కార్యకర్తల చేతులతో అక్కడ స్కేట్‌పార్కు లేచింది. దాని వైశాల్యం దాదాపు 450 చదరపు మీటర్లు. మన లెక్కలో పదకొండు సెంట్లు. బడికి రాకపోతే బోర్డు ముట్టుకోకూడదన్నది అక్కడి మొదటి నియమం, ఆడపిల్లలకే ముందు అవకాశమన్నది రెండోది. మూడేళ్లు తిరిగేసరికి ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ స్కేట్‌బోర్డింగ్ ఛాంపియన్‌షిప్‌లో పోటీ పడింది. స్టేడియం, అకాడమీ లేని ఊళ్లో ఇదంతా చేసింది పదకొండు సెంట్ల సిమెంటు నేల.

ఇప్పుడు మన దగ్గరి లెక్క చూద్దాం. నంద్యాల పట్టణ జనాభా 2011 జనగణన నాటికే రెండు లక్షలు దాటింది. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమయ్యాక చుట్టూ పొలాలు ప్లాట్లవుతున్నాయి. నిబంధనల ప్రకారం లేఅవుట్ వేసినవాళ్లు పది శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు రాసివ్వాలి. రెండెకరాల లేఅవుట్ అయితే 20 సెంట్లు. మనకు కావలసింది పదకొండు. అంటే ఒక మామూలు లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలంలో సగానికి కాస్త ఎక్కువైతే చాలు, దానికీ కొత్తగా భూసేకరణ అక్కర్లేదు. ఆ స్థలాల్లో కంపచెట్లు పెరిగినవి ఎన్ని, గోడలు లేచినవి ఎన్ని అన్న వివరాన్ని మాత్రం ఎవరూ బయట పెట్టరు.

సిసి రోడ్డు మీదే నేర్చుకోవచ్చు కదా అనేవాళ్లు స్కేట్‌బోర్డు చక్రాన్ని ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలి. అడ్డంగా కొలిస్తే ఐదారు సెంటీమీటర్లు ఉంటుంది. మన సిసి రోడ్డు మీద బండి జారకుండా చీపురుతో గీతలు లాగుతారు, కొన్ని అడుగులకోసారి జాయింటు వదులుతారు. ఆ జాయింటులో చిన్న చక్రం ఇరుక్కుందంటే బోర్డు అక్కడే ఆగుతుంది, దాని మీదున్న పిల్ల ముందుకు పడుతుంది. స్కేట్‌పార్కు నేలను తాపీతో అద్దంలా నునుపు తేలుస్తారు. వంపు గోడలకు ఇనుప ఊచలు అల్లి, కాంక్రీటు ఎక్కించి, వంపు ఎక్కడా తేడా రాకుండా సాపు చేస్తారు. పై అంచున ఇనుప పైపు బిగిస్తారు. వాననీళ్లు నిలవకుండా పల్లం చూసి తూము వదులుతారు. కుందూ నది పొంగితే ఏ వీధులు మునుగుతాయో నంద్యాలవాళ్లకు తెలుసు కాబట్టి ఎత్తైన చోటే ఎంచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట ఆ నేల మీద ఎవరూ నిలవలేరు. అందుకే నాలుగు దీపస్తంభాలు, రాత్రి పది దాకా అనుమతి తప్పనిసరి.

ఈ పనిలో మనకు లేనిదేముంది? సిమెంటు మన జిల్లాదే. కొలిమిగుండ్ల, గడివేముల మండలాల్లో పెద్ద ఫ్యాక్టరీలే ఉన్నాయి. బేతంచెర్ల పాలిష్ రాళ్లు రాష్ట్రమంతా ఇళ్లల్లో పరుచుకుంటున్నారు. ఇక ఆళ్లగడ్డ శిల్పులు తరతరాలుగా రాతిలో వంపు తీస్తున్నారు. స్కేట్‌బోర్డర్లు బోర్డును రాసుకుంటూ జారడానికి కోరేది నున్నటి రాతి అరుగునే. బార్సిలోనాలో ఒక మ్యూజియం ముందున్న రాతి అరుగులు ప్రపంచవ్యాప్తంగా స్కేటర్లకు యాత్రాస్థలమయ్యాయి. ఆళ్లగడ్డలో కట్టే పార్కుకు అరుగులు, మెట్లు, అంచులు అక్కడి శిల్పుల చేత చెక్కించండి. వాళ్లకు పని దొరుకుతుంది, దేశంలో మరెక్కడా లేని స్కేట్‌పార్కు ఆ ఊరికి వస్తుంది. అహోబిలం వెళ్లేవాళ్లు ఎలాగూ ఆ దారినే పోతారు.

ఇది డబ్బున్నవాళ్ల ఆట అనే మాట ఒకటి తరచూ వినిపిస్తుంది. మంచి క్రికెట్ కిట్టు కన్నా స్కేట్‌బోర్డు, హెల్మెట్ కలిపినా తక్కువ ఖర్చే. లైబ్రరీ పుస్తకంలా పార్కులోనే ఇచ్చి తీసుకుంటే అది కూడా ఉండదు. దెబ్బలు తగులుతాయన్నది నిజమే. అందుకే హెల్మెట్ లేనిదే లోపలికి రానివ్వకూడదు, సాయంత్రాలు ఒక శిక్షకుడు ఉండాలి. లారీలు తిరిగే రోడ్డు మీద చక్రాల బూట్లతో నేర్చుకుంటే వచ్చే ప్రమాదం ముందు ఈ దెబ్బ ఎంత? ఇక ఎవరొస్తారు అన్న ప్రశ్నకు వెయ్యి మంది ఉన్న జన్వార్ ఎప్పుడో జవాబు చెప్పింది.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. మన ఊళ్లలో మైదానం అంటే సాయంత్రమైతే నాలుగు క్రికెట్ జట్లు పంచుకునే చోటు. పన్నెండేళ్లు నిండిన ఆడపిల్ల ఆ గట్టు మీద కూడా కనపడదు. ఆమెకు మనం మిగిల్చింది బడి, ట్యూషన్, ఇల్లు. సరిగ్గా ఆ వయసు పిల్లలే ఈ ఆటలో ప్రపంచాన్ని గెలుస్తున్నారు. టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల స్ట్రీట్ విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ అమ్మాయి మొమిజి నిషియా వయసు 13. రజతం గెలిచిన బ్రెజిల్ అమ్మాయి రైసా లియాల్ వయసూ 13. కాంస్యం గెలిచిన అమ్మాయికి 16. మన దగ్గర పదమూడేళ్లంటే ఎనిమిదో తరగతి. రైసా పుట్టి పెరిగింది రియోలో కూడా కాదు, ఇంపెరాట్రిజ్ అనే లోతట్టు పట్టణంలో. దాని జనాభా నంద్యాల స్థాయిదే.

తెలుగువాళ్లకు చక్రాల మీద పతకాలు కొత్త కూడా కాదు. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హైదరాబాద్ కుర్రాడు అనూప్ కుమార్ యామా ఆర్టిస్టిక్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చాడు. 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడల్లో భారత స్పీడ్ స్కేటింగ్ రిలే జట్లు, అమ్మాయిలూ అబ్బాయిలూ, కాంస్యాలు గెలిచాయి. స్కేట్‌బోర్డింగ్ 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లో చేరింది, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోనూ ఉంది. ఇంత జరిగాక కూడా దీన్ని విదేశీ సరదా అని కొట్టిపారేస్తే అది బాధ్యత తప్పించుకోవడమే.

గెలిచి వచ్చాక పూలదండ వేసి కోట్లు ఇస్తామనే విధానం పిల్లల కోసం రాసింది కాదు, ఫొటో కోసం రాసింది. పతకం ఖరీదు చెప్పినవాళ్లు ఆ పతకం కోసం పదమూడేళ్ల పిల్ల రోజూ సాయంత్రం ఎక్కడ పడి లేవాలో కూడా చెప్పాలి. వెయ్యి మంది ఉన్న ఊరు పదకొండు సెంట్లు చూపించింది. రెండు లక్షల మంది ఉన్న ఊరు చూపించలేదంటే లోటు స్థలంలో ఉందని ఎవరూ నమ్మరు.

నంద్యాల, ఆళ్లగడ్డ మున్సిపల్ కమిషనర్లు చేయవలసిన మొదటి పని ఒక్క పైసా ఖర్చు లేనిది. లేఅవుట్ల ద్వారా మీ చేతికి వచ్చిన ఖాళీ స్థలాల జాబితాను సర్వే నంబర్లతో సహా కార్యాలయం గోడకు అంటించండి. పదకొండు సెంట్లు ఎక్కడున్నాయో తల్లిదండ్రులే చూపిస్తారు. వచ్చే బడ్జెట్‌లో దానికి పద్దు రాయండి.