కొంగకు తెలివి, మనకు భక్తి

కార్తీక మాసంలో టెక్కలిలో ఓ ప్రవచనం చెవిన పడింది. "పక్షికి గూడు కట్టడం ఎవరు నేర్పారు? ఏ కాలేజీలో చదివింది? అంతా పరమాత్మ లీల!" చప్పట్లే చప్పట్లు. మైకు చేతిలో ఉన్నవాడికి ప్రశ్న చాలు, జవాబుతో పనేముంది?

ఉద్దానంలో మా చిన్నప్పుడు ఈత చెట్లకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. లోపల మట్టిలో మిణుగురును అతికించి పిట్ట దీపం పెట్టుకుంటుందని అమ్మమ్మ చెప్పేది. గాలికి రాలిన గూడొకటి చీల్చి చూశాను. ఎండిన మట్టి పెళ్లలే తప్ప మిణుగురు లేదు. "నువ్వు చూస్తావని ఎగిరిపోయుంటదిరా బావూ" అంది.

మగ గిజిగాడు గూడు సగం అల్లాక ఆడపిట్టలు వచ్చి చూస్తాయి. ఏదీ ఒప్పుకోకపోతే అది వదిలేసి ఇంకోటి మొదలెట్టాల్సిందే. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930ల్లోనే ఈ సంగతి రాశాడు. 1960ల్లో శాస్త్రవేత్తలైన కొలియాస్ దంపతులు ఆఫ్రికా గిజిగాళ్లను గడ్డిపోచ అందకుండా పెంచి చూశారు. అవి పెద్దయ్యాక అల్లబోతే చేతకాలేదు. పుట్టుకతో వచ్చింది కొంత, చేసి చేసి నేర్చింది కొంత. పరమాత్మ సిలబస్‌లోనూ ప్రాక్టికల్స్ ఉన్నాయన్నమాట.

టెక్కలి పక్కనే తేలినీలాపురం. అక్కడి చింతచెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులను, పెయింటెడ్ స్టార్కులను సైబీరియా అతిథులంటాం. అవి దక్షిణాసియా పక్షులే. వస్తే ఊరికి శుభం, రాకపోతే అరిష్టమట. ఆ నమ్మకం వల్ల ఊళ్లో ఎవరూ వాటిమీద రాయి వెయ్యరు, సంతోషమే. కానీ చెట్టు మీద గూడుంటే సరిపోతుందా? పిల్లలకు మేత తంపరలోంచి, అంటే చిత్తడి నేలలోంచి, రావాలి. కాకరాపల్లి తంపరలో థర్మల్ ప్లాంటు వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద 2011 ఫిబ్రవరి 28న పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చచ్చిపోయారు. పక్షి శుభశకునమని మురిసిపోయే పెద్దమనుషుల్లో ఎంతమంది ఆ రోజు నోరు విప్పారు? చింతచెట్టుకు దణ్ణం, తంపరకు బూడిద!

2022 మొదట్లో తేలినీలాపురంలోనే గూడబాతులు వందకు పైగా రాలిపోయాయి. శకునం కాదు, శాపం కాదు. తిన్న చేపలతో కడుపులోకి చేరిన నులిపురుగులు. గూడు కట్టే తెలివి పరమాత్మే ఇచ్చాడు సరే, చేపలో దాక్కుని గూడబాతు కడుపుకు దారి పట్టే తెలివి ఆ పురుగుకు ఎవరిచ్చారో కూడా వచ్చే కార్తీకంలో చెప్పమనండి. ముందు వరసలో కూర్చుని వింటాను.