యంత్రములు వచ్చినవి, శిక్షణ యేది?

బడికి ప్రాణము ఉపాధ్యాయుడు. నల్లబల్లయైనను, నేటి స్పర్శతెరయైనను ఆతని చేతిలోని పనిముట్టులే. ఈ చిన్న సత్యమును మన పాలకులు యంత్రములు కొనునపుడు మఱచుచున్నారు.

1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరకాలము ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగినవి. అందు ఆంధ్రప్రదేశము నొకటి. ఆ ప్రయోగమును నడపినవారు పిల్లలకు బొమ్మలు చూపి యూరకుండలేదు. సెలవులలో వేలకొలది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనమున శిక్షణ యొసంగిరి. టెలివిజనుతోపాటు రేడియో పాఠములును, అచ్చుప్రతులును, స్వహస్తములతో చేయు కృత్యములును అందు చేరియుండెను. యంత్రమును గురువును కూడియే నడవవలెనని వారెఱుగుదురు.

నేడో? 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశమున ఎనిమిదవ తరగతి విద్యార్థులకును, వారి ఉపాధ్యాయులకును టాబ్లెట్లు పంచిరి. 2023లో తరగతిగదులలో స్పర్శతెరలు వెలసినవి. సంతోషమే. కాని వానితో భిన్నముల లెక్కను ఎట్లు బోధపఱుపవలెనో, ఏ పాఠమునకు తెరను ఆర్పి సుద్దముక్కను పట్టవలెనో చెప్పువారెవరు? మీటలు నొక్కుట నేర్పినంతమాత్రమున శిక్షణ కాజాలదు.

ప్రతి యుపాధ్యాయుడును ఏటేట 50 గంటలైనను వృత్తిశిక్షణ పొందవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. 2019లో ముఖాముఖిగా నారంభమైన ‘నిష్ఠ’ శిక్షణ మఱుసటియేట ‘దీక్ష’ వేదికపైకి చేరినది. గంటలను లెక్కింపవచ్చును, ధ్రువపత్రములను కుప్పవేయవచ్చును. అంతమాత్రమున తరగతిలో మార్పు వచ్చునా?

ఉపాధ్యాయులు క్రొత్తను నేర్వ నిచ్చగింపరని కొందఱందురు. ఇది అపవాదు. 2020లో బడులు మూతపడినపుడు తమ సొంత ఫోనులతో, వాట్సాప్‌తో పిల్లలకు పాఠములు పంపినవారెవరు? వారికి కొఱవడినది ఇచ్ఛ కాదు, అవకాశము. ఆ తరువాతి యేండ్లలో అదే ఫోను హాజరుపట్టీలకును, భోజన వివరములకును, ఛాయాచిత్రములకును చిక్కి వారి బోధనాకాలమును మ్రింగినది. లేఖరి పని చేయు గురువునకు సాధన కేది తీరిక?

కావున మేము కోరునది స్వల్పము. యంత్రములకై వెచ్చించు ధనములో కొంతభాగము శిక్షణకును మరమ్మతులకును ప్రత్యేకింపవలయును. ప్రతి పాఠశాల సముదాయమునను నెలకొక దినము, తెలుగు పాఠ్యపుస్తకమును ముందుంచుకొని, అనుభవజ్ఞుడైన తోటి యుపాధ్యాయుని యెదుట పాఠము చెప్పి చూపి, తప్పొప్పులు చర్చింపవలయును. గుమాస్తాపనిని తగ్గింపవలయును.

ధనికుల బిడ్డకు ఇంటను వేఱొక గురువుండును. కూలివాని బిడ్డకు బడిలోని గురువే దిక్కు. ఆ గురువునకు నేర్పకుండ అతని ముందు తెర వ్రేలాడదీయుట విద్యాదానము కాదు, గోడకు అలంకారము మాత్రమే.