రుకుం ఎవరి కంచుకోట?

నేపాల్ అంతర్యుద్ధం మీద మన దగ్గర ఏ సెమినార్ పెట్టినా 'పేదరికం వల్ల వచ్చిన తిరుగుబాటు' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. పేదరికానికి కులం లేనట్టు! పరిశోధక విద్యార్థిగా ఇది విని విని నాకు విసుగొచ్చింది.

1854 నాటి ములుకీ ఐన్ అంటరానితనాన్ని చట్టంగానే రాసింది. 1963లో కొత్త చట్టం వచ్చాక కూడా పశ్చిమ కొండల్లో దళితులు అప్పు కింద తరతరాలుగా భూస్వాముల పొలాలు దున్నారు. వాళ్లనే హలియాలంటారు. 1996లో మావోయిస్టులు ప్రభుత్వం ముందు పెట్టిన 40 డిమాండ్లలో దున్నేవాడికి భూమి ఉంది, అంటరానితనం రద్దు ఉంది. దళిత యువత తుపాకీ పట్టిందంటే అందుకే. వాళ్లని నేను తప్పుపట్టను. కానీ నాయకత్వం ఎవరిది? ప్రచండ, బాబూరామ్ భట్టరాయ్ ఇద్దరూ బ్రాహ్మణులే.

పదేళ్లలో 13 వేల మందికి పైగా చనిపోయారు. 2006లో ఒప్పందం కుదిరింది, 2008లో రాజు పోయాడు, ప్రచండ ప్రధాని అయ్యాడు. ఆ ఏడాదే హలియాలకు విముక్తి ప్రకటించారు. అప్పు రద్దన్నారు. చాలామందికి భూమి మాత్రం దక్కలేదు. భూమి లేని విముక్తి మనిషిని ఇండియాలో కూలికో, గల్ఫ్‌కో పంపిస్తుంది (కరీంనగర్ వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు).

ముందు వర్గం, తర్వాత కులం అని మనకి పాఠం చెప్పే కామ్రేడ్లు ఒక్కసారి రుకుం వైపు చూడాలి. ఆ యుద్ధం మొదలైన జిల్లాల్లో అదొకటి, పార్టీ కంచుకోట. 2020 మేలో అదే పశ్చిమ రుకుంలో, పైకులం అమ్మాయిని ప్రేమించిన దళిత యువకుడినీ అతని స్నేహితులనూ గ్రామస్తులు తరిమికొట్టారు. భేరీ నదిలో 6 శవాలు దొరికాయి. అంటరానితనాన్ని నేరంగా ప్రకటించిన చట్టం అప్పటికి 9 ఏళ్ల నాటిది.