అప్పు ఆమెది, లాభం ఎవరిది?

ఆడపిల్లలకు కుట్టుమిషన్లు, టైపు మిషన్లు మాత్రమే ఎందుకు, కరెంటు పని ఎందుకు నేర్పరు అని స్త్రీల సంఘాలు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చాయి. ఆ డిమాండు న్యాయమైనది. ఈరోజు అదే మాటను ప్రైవేటు ఐటిఐలు, బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు, కొన్ని స్వచ్ఛంద సంస్థలు కూడా మనకు తిరిగి వినిపిస్తున్నాయి. కాకపోతే చివర ఒక చిన్న షరతు చేర్చాయి: ఫీజు ఆమే కట్టుకోవాలి, లేకపోతే అప్పు తెచ్చుకోవాలి. 'ఎలక్ట్రీషియన్ సర్టిఫికెట్ ఉంటే సంపాదన ఖాయం' అనే ఈ ప్రచారాన్ని మనం నిలదీయాలని నా వాదన.

పొదుపు సంఘాల్లో తిరిగేదాన్ని కాబట్టి పదో తరగతి ఫలితాలు వచ్చాక ఏం జరుగుతుందో ఏటా చూస్తున్నాను. ప్రభుత్వ ఐటిఐలో ఫీజు నామమాత్రమే. కానీ అది దూరం, హాస్టల్ ఉండదు, ఎలక్ట్రీషియన్ సీట్లు కొన్నే. ఊరికి దగ్గరలో ప్రైవేటు ఐటిఐ ఉంటుంది, బస్సు కూడా పంపిస్తామంటుంది. తల్లి సంఘంలో అప్పు తీసుకుంటుంది. తీర్మానం పుస్తకంలో 'పాడి గేదె' అని రాస్తారు. ఆ గేదె ఎప్పుడూ ఇంటికి రాదు, వాయిదా మాత్రం నెల నెలా వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేద్దాం. రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సుకు ఫీజు, బస్సు, పరికరాలు, యూనిఫారం అన్నీ కలిపి ఒక కుటుంబం 60,000 రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిందనుకోండి. వడ్డీ నెలకు 1,200. రెండేళ్లకు 28,800. పిల్ల పరీక్ష పాసయ్యేనాటికి బాకీ 88,800. తరువాత అప్రెంటిస్‌షిప్. 1961 అప్రెంటిస్ చట్టం కింద 2019లో సవరించిన నిబంధనలు ఐటిఐ సర్టిఫికెట్ ఉన్నవారికి కనీస స్టయిపెండు నెలకు 7,000 అన్నాయి. పట్నంలో గది, తిండి, ప్రయాణం 5,000కు సరిపెట్టుకుందనుకున్నా మిగిలేది 2,000. అందులో వడ్డీ 1,200 పోతే 800. నెలకు 800 చొప్పున 88,800 తీరాలంటే తొమ్మిదేళ్లు దాటుతుంది. అప్రెంటిస్‌షిప్ ఏడాదిలో ముగుస్తుంది, ఆ తరువాత జీతం పెరగాలి అంటారు. నిజమే, పెరగాలి. ఎవరికి పెరుగుతుంది అన్నదే ప్రశ్న.

ఈ పనిలో డబ్బు సైటు మీద ఉంటుంది. ఇంటి వైరింగు పాయింటు లెక్కన ఒప్పుకునేవాడికి, వైర్‌మ్యాన్ పర్మిట్ తెచ్చుకుని కొన్నాళ్లకు సొంతంగా పని పట్టేవాడికి చేతిలో నాలుగు రాళ్లు మిగులుతాయి. ఆడపిల్లను కాంట్రాక్టరు సైటుకు తీసుకుపోడు. 'రాత్రి పొద్దుపోతుంది, అక్కడ మరుగుదొడ్డి లేదు, నీకేమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి' అంటాడు. మరుగుదొడ్డి కట్టించాల్సింది తనేనన్న సంగతి అతనికి గుర్తు రాదు. ఆమెను మోటారు వైండింగు దగ్గరో, ప్యానెల్ బోర్డుల దగ్గరో సహాయకురాలిగా కూర్చోబెడతారు. ఇద్దరి సర్టిఫికెట్టూ ఒకటే, ఇద్దరి ఫీజూ ఒకటే, ఇద్దరి అప్పుకూ వడ్డీ ఒకటే. సంపాదన మాత్రం వేరు. నియామకంలో స్త్రీల పట్ల వివక్ష చూపకూడదని 1976 సమాన వేతన చట్టం చెప్పింది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్ కూడా చెబుతోంది. కాంట్రాక్టరు ఆ రెండూ చదవలేదు, అతనితో చదివించినవాళ్లూ లేరు.

ప్రైవేటు కాంట్రాక్టరు సంగతి సరే, ప్రభుత్వ సంస్థ ఏం చేసింది? 2019లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ పోస్టులకు ఆడవాళ్లను పక్కన పెట్టింది. ఐటిఐ చదివిన యువతులు హైకోర్టుకు వెళ్లి, స్తంభం ఎక్కే పరీక్షకు అనుమతి సాధించుకోవాల్సి వచ్చింది. 2021లో బబ్బూరి శిరీష తెలంగాణలో మొదటి లైన్‌వుమన్ అయింది. ఆమె ధైర్యానికి అందరం చప్పట్లు కొట్టాం. కానీ చదువుకు చేసిన ఖర్చు ఫలించడానికి ఒక పేదింటి పిల్ల కోర్టు మెట్లు కూడా ఎక్కాలంటే, ఆ ఖర్చు ఏ కరపత్రంలో ఉంది?

ఇంట్లో ఇంకో లెక్క నడుస్తుంది. కొడుకు చదువుకు చేసిన అప్పు కట్నంలో వసూలవుతుందని ధీమా. కూతురు చదువుకు చేసిన అప్పు కట్నానికి దాచాల్సిన డబ్బులో కోత. వరకట్న నిషేధ చట్టం కూడా 1961లోనే వచ్చింది. రెండు చట్టాలకూ ఒకే వయసు, రెండూ ఒకే ఇంట్లో ఓడిపోతున్నాయి. అప్పు తీరకముందే పెళ్లి చేస్తే ఆ పిల్ల సంపాదన అత్తింటికి, వాయిదా పుట్టింటికి.

దీనికి ప్రభుత్వం చూపిన పరిష్కారం ఏమిటి? ఇంకా పెద్ద అప్పు. 2015 నైపుణ్య రుణ పథకంలో గరిష్ఠ పరిమితి లక్షన్నర. 2024లో దాన్ని ఏడున్నర లక్షలు చేశారు. అప్పు పరిమితిని అయిదు రెట్లు పెంచడానికి చూపిన ఉత్సాహం ప్రభుత్వ ఐటిఐల పక్కన ఆడపిల్లల హాస్టళ్లు కట్టడంలో ఎందుకు లేదు? బ్యాంకు కాదంటే మైక్రోఫైనాన్సు ఏజెంటు గడప దగ్గరే ఉంటాడు. 2010లో ఆ వసూళ్ల కింద నలిగి ప్రాణాలు తీసుకున్న స్త్రీలను, ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిన ఆ రోజులను మనమే మరిచిపోతే ఎలా?

'ఇంత లెక్క చెబితే తల్లులు పిల్లల్ని మానిపించి పెళ్లి చేసేస్తారు కదా' అని కొందరు మిత్రులు అడుగుతారు. నేను ఒప్పుకోను. పత్తి చేనులో కూలి లెక్క, సంఘంలో వడ్డీ లెక్క వేసే స్త్రీకి కోర్సు లెక్క అర్థం కాదనుకోవడం మన అహంకారం. లెక్క తెలిసిన తల్లి పిల్లను మానిపించదు, దారి మారుస్తుంది. దూరమైనా ప్రభుత్వ ఐటిఐ చూస్తుంది, ప్రభుత్వ జూనియర్ కళాశాలలో రెండేళ్ల ఒకేషనల్ ఎలక్ట్రికల్ కోర్సు ఉందేమో అడుగుతుంది. మూడు నెలల సర్టిఫికెట్‌కూ రెండేళ్ల జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్‌కూ తేడా అడిగి తెలుసుకుంటుంది. లెక్క తెలియని తల్లే అప్పులో దిగి, ఏడాది తిరక్కుండా పిల్లను మధ్యలో మానిపిస్తుంది.

కాబట్టి సంఘాలుగా మనం కొన్నింటిని గట్టిగా అడగాలి. ప్రతి ఐటిఐ గోడ మీద మొత్తం ఖర్చు, గత బ్యాచిల్లో పాసైన ఆడపిల్లల సంఖ్య, వాళ్లలో పని దొరికినవారెందరు, జీతమెంత అన్నది రాసి పెట్టాలి. రాయనివాళ్ల దగ్గరికి మన పిల్లల్ని పంపమని చెప్పాలి. ముప్ఫై మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన ఉంది. అందులో ఆడపిల్లలెందరో కార్మిక శాఖను అడగాలి. విద్యుత్ పంపిణీ సంస్థల ప్రతి ప్రకటననూ వచ్చిన రోజే చదవాలి, స్త్రీలను తప్పిస్తే ఆ వారమే ధర్నాకు కూర్చోవాలి. స్వచ్ఛంద సంస్థల మిత్రులకు ఇంకో మాట: మీ నివేదికల్లో 'శిక్షణ పొందిన యువతులు' అనే గడి పక్కన 'వాళ్ల మీద ఉన్న అప్పు' అనే గడి కూడా పెట్టండి. రెండో గడి నింపలేని సంస్థకు మొదటి గడి చూసి గర్వపడే హక్కు లేదు.