బెస్ట్ ఎవరు? ముందు ఏ లెక్కనో చెప్పండి



పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి సబ్‌స్టిట్యూషన్‌కి వెళ్లాను. వరండాలో ఉండగానే అరుపులు వినిపించాయి. లోపలికి వెళ్లేసరికి ఇద్దరు అబ్బాయిలు బెంచీ మీద చేతులు చరుస్తూ వాదించుకుంటున్నారు. నన్ను చూసి గప్‌చుప్‌గా కూర్చున్నారు. "ఏమైంది?" అంటే "ఏం లేదు మేడమ్" అన్నారు. చివరికి ముందు బెంచీ అమ్మాయి లేచి చెప్పింది. "వన్డేల్లో బెస్ట్ బౌలర్ ఎవరని గొడవ మేడమ్. ఒకడు బుమ్రా అంటాడు, ఇంకొకడు స్టార్క్ అంటాడు. పొద్దుట్నుంచీ ఇదే."

"వసీం అక్రమ్ పేరు ఎవరూ ఎత్తలేదా?" అన్నాను. క్లాసంతా నావైపు తిరిగింది. ఇంగ్లిష్ మేడమ్‌కి క్రికెట్ తెలుసని వాళ్లు అనుకోలేదు. మా నాన్నగారి పక్కన కూర్చుని మ్యాచ్‌లు చూస్తూ పెరిగాను. 1992 ప్రపంచకప్ ఫైనల్లో అక్రమ్ వరసగా రెండు బంతుల్లో అలన్ లాంబ్‌ని, క్రిస్ లూయిస్‌ని బౌల్డ్ చేసింది నేను పుట్టకముందు. కానీ నాన్నగారు చెప్పగా చెప్పగా నేనే కళ్లారా చూసినట్టు ఉంటుంది.

గొడవని అక్కడితో ఆపేయడం ఇష్టంలేక, సోమవారం ఇంగ్లిష్ పీరియడ్‌లో డిబేట్ పెట్టాను. షరతులు రెండు. ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలి. ఏ లెక్క ప్రకారం బెస్ట్ అంటున్నారో మొదటి వాక్యంలోనే చెప్పాలి.

మొదట లేచినవాడు మొత్తం వికెట్ల లెక్క తీసుకున్నాడు. ముత్తయ్య మురళీధరన్, 350 మ్యాచ్‌లు, 534 వికెట్లు. అంతకంటే ఎక్కువ ఎవరికీ లేవు కాబట్టి వాదన అయిపోయిందనుకుని కూర్చున్నాడు. వెంటనే ఒక అమ్మాయి లేచి, అమ్మాయిలు ఆడే వన్డేలు లెక్కలోకి రావా అని అడిగి, ఝులన్ గోస్వామి 255 వికెట్లు బోర్డు మీద రాసింది. మహిళల వన్డేల్లో అదే రికార్డు. 2025లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో మన కడప జిల్లా శ్రీచరణి కూడా ఉందని పక్కనున్న అమ్మాయి అందించింది.

తర్వాత ఒకడు వికెట్‌కి ఎన్ని పరుగులు ఇచ్చారన్న లెక్క తెచ్చాడు. వెస్టిండీస్ జోయెల్ గార్నర్ ఆడింది 98 మ్యాచ్‌లే, తీసింది 146 వికెట్లే. కానీ ఒక్కో వికెట్‌కి ఇచ్చింది 18.84 పరుగులు, ఓవర్‌కి ఇచ్చింది 3.09. ప్రపంచకప్పులే లెక్క అన్నవాళ్లకి 71 వికెట్ల గ్లెన్ మెక్‌గ్రాత్ దొరికాడు. వేగం లెక్క అన్నవాళ్లు 102 మ్యాచ్‌ల్లోనే 200 వికెట్లు తీసిన మిచెల్ స్టార్క్‌ని తెచ్చారు. ఒక్కరోజు మెరిసినా చాలన్నవాళ్లు మన హైదరాబాద్ సిరాజ్‌ని వదులుతారా? 2023 ఆసియా కప్ ఫైనల్లో ఒకే ఓవర్లో నాలుగు వికెట్లు, మొత్తం మీద 21 పరుగులకు 6. శ్రీలంక 50కి ఆలౌట్.

బోర్డు నిండిపోయింది. లెక్క మారినప్పుడల్లా పేరు మారింది.

అప్పుడు నేను రెండు పేర్లు రాశాను. వసీం అక్రమ్, వకార్ యూనిస్. ఒకే జట్టు, దాదాపు ఒకే కాలం. అక్రమ్ వికెట్‌కి ఇచ్చింది 23.52 పరుగులు, వకార్ ఇచ్చింది 23.84. ఈ ఒక్క నంబర్ చూస్తే ఇద్దరూ ఒకటే. కానీ అక్రమ్ ఓవర్‌కి 3.89 పరుగులే ఇచ్చి, సుమారు 36 బంతులకి ఒక వికెట్ తీశాడు. వకార్ ఓవర్‌కి 4.68 ఇచ్చాడు, 30 బంతులు దాటగానే వికెట్ తీశాడు. ఒకరు బ్యాట్స్‌మన్‌ని బిగించి అవుట్ చేసేవారు, ఇంకొకరు పరుగులు పోయినా ఫరవాలేదని వికెట్ కోసమే వేసేవారు. కెప్టెన్ ఇద్దరికీ ఒకే సలహా ఇస్తే ఎవరో ఒకరు పాడైపోతారు.

ఈ మాట చెబుతున్నప్పుడే నాకు మా పేపర్ల కట్ట గుర్తొచ్చింది. మొన్నటి పరీక్షలో ఇద్దరు పిల్లలకి ఇంగ్లిష్‌లో సమానంగా మార్కులు వచ్చాయి. ఒక పాప పేపరంతా రాసేసింది, ప్రతి పేజీలోనూ స్పెల్లింగ్ తప్పులే. ఒక బాబు రాసినదంతా శుభ్రంగా ఉంది, చివరి రెండు ప్రశ్నలు ముట్టుకోనే లేదు. ఇద్దరి ప్రోగ్రెస్ కార్డుల్లోనూ ఒకటే నంబర్. ఇద్దరి ఇళ్లలోనూ బహుశా ఒకటే మాట వినిపించి ఉంటుంది, "ఇంకా బాగా చదవాలి" అని. నిజానికి ఆ పాప కొంచెం నెమ్మదించాలి, ఆ బాబు కొంచెం వేగం పెంచాలి.

డిబేట్ అయిపోవస్తుండగా ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచాడు. గార్నర్‌నీ స్టార్క్‌నీ పక్కపక్కన పెట్టడం న్యాయం కాదన్నాడు. 2011 అక్టోబరు నుంచి వన్డేల్లో రెండు చివర్ల నుంచీ రెండు కొత్త బంతులు వాడారు. అంటే ఒక్కో బంతి 25 ఓవర్లే ఆడుతుంది, రివర్స్ స్వింగ్ అయ్యేంతగా పాతబడదు. 2025 జులై నుంచి మళ్లీ నిబంధన మార్చి, 34 ఓవర్లయ్యాక ఆ రెండింట్లో ఒక బంతితోనే మిగతా ఇన్నింగ్స్ ఆడిస్తున్నారు. ప్రశ్నపత్రం మారినప్పుడు మార్కులు ఎలా పోలుస్తారని అడిగాడు. గ్రామర్ తప్పులున్నాయి. అయినా అయిదు నిమిషాలు ఆగకుండా ఇంగ్లిష్‌లో మాట్లాడాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

బెల్ కొట్టాక వాడు నా టేబుల్ దగ్గరకొచ్చాడు. "మేడమ్, బౌలింగ్‌లో యావరేజ్ అంటే ఒక లెక్క ఉంటుంది. నా ప్రోగ్రెస్ కార్డులో మీరు యావరేజ్ అని రాశారు. అది దేని లెక్క మేడమ్?"

ఎదురు చెప్పినట్టు అడగలేదు, తెలుసుకోవాలని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నలభై కార్డులు నింపాలి, సాయంత్రంలోగా ఆఫీసులో ఇచ్చెయ్యాలి. మార్కులు మధ్యలో ఉన్నాయి కాబట్టి ఆ మాట రాసేశాను. తప్పు నాదే.

ఆ తర్వాతి పేరెంట్స్ మీటింగ్‌లో ఎన్నో కుటుంబాలతో మాట్లాడాను. ఎక్కువమంది మొదటి ప్రశ్న ఒకటే, "ర్యాంకు ఎంత మేడమ్?" మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. కష్టపడి ఫీజు కడుతున్నారు, పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవాలని ఉంటుంది. ర్యాంకు అక్కర్లేదని కూడా నేను అనను. 534 వికెట్లు ఊరికే రావు, దాని వెనక 18 ఏళ్ల శ్రమ ఉంది. మొదటి ర్యాంకు వెనకా అలాంటి శ్రమే ఉంటుంది, దాన్ని మెచ్చుకోవాల్సిందే. కాకపోతే అది ఒక్క కాలమ్. బోర్డు మీద ఇంకా చాలా కాలమ్‌లు ఉన్నాయి.

పైగా ఆ కాలమ్ కూడా ఏ రోజు చూశామన్న దాన్నిబట్టి మారుతుంది. 2023 ప్రపంచకప్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లకి మహ్మద్ షమీ తుది జట్టులో లేడు. హార్దిక్ పాండ్యా గాయపడ్డాకే చోటు దొరికింది. అప్పటిదాకా వేసిన ఏ పట్టికలోనైనా షమీ పేరు ఎదురుగా సున్నానే. టోర్నీ ముగిసేసరికి ఏడు మ్యాచ్‌ల్లో 24 వికెట్లు, అందరికంటే ఎక్కువ. సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద 57 పరుగులకు 7. రెండు స్లిప్ టెస్టులు చూసి "వీడింతే" అనేసిన పిల్లలు మన ఇళ్లలో, మా క్లాసుల్లో ఎంతమంది ఉన్నారో ఒక్కసారి ఆలోచించండి.

అందుకే ఈ నెల మీకు నాదో చిన్న విన్నపం. రాత్రి భోజనాల దగ్గర మీ బాబునో పాపనో అడగండి, వన్డేల్లో బెస్ట్ బౌలర్ ఎవరని. పేరు చెప్పగానే "ఏ లెక్కన?" అని అడగండి. క్రికెట్ నచ్చని పిల్లలైతే పాటలో, సినిమాలో, బిర్యానీయో, ఏదైనా సరే. వాళ్లు కారణాలు వెతుక్కుంటారు, పోల్చి చూస్తారు, ఒప్పించడానికి మాటలు కూర్చుకుంటారు. పరీక్షలో అడిగేదీ ఇంచుమించు అదే.

తర్వాతి మీటింగ్‌కి వచ్చినప్పుడు ఇదే ప్రశ్న మమ్మల్నీ అడగండి. "గుడ్" అని రాస్తే దేనిలో గుడ్ అని అడగండి. "యావరేజ్" అని రాస్తే ఏ లెక్కన అని నిలదీయండి. మీరు అడిగితే మేం ఇంకొంచెం చూసి, ఆలోచించి రాస్తాం.

ఇంతకీ నా బెస్ట్ బౌలర్ ఎవరని పిల్లలు వదలకుండా అడిగారు. కొత్త బంతితోనూ పాత బంతితోనూ ఒకేలా భయపెట్టడమే నా లెక్క. ఆ లెక్కన వసీం అక్రమ్. క్లాసులో సగం మంది ఒప్పుకోలేదు. మా నాన్నగారు మాత్రం ఫోన్లో విని సంతోషించారు.

ఆ అబ్బాయి కార్డులో ఈసారి "యావరేజ్" అని రాయలేదు. "విషయం అర్థం చేసుకుని సొంతమాటల్లో చెప్పగలడు. రాసేటప్పుడు వాక్యాలు మధ్యలో వదిలేస్తాడు. రోజూ పది లైన్లు రాయించండి" అని రాశాను. నలభై కార్డులూ ఇలాగే నింపడానికి మూడు సాయంత్రాలు పట్టింది. వచ్చేసారి ఇంకో రోజు ముందుగా మొదలుపెడతాను.