వరుసలో ముదిరిన వ్యాధి

మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జీర్ణకోశ విభాగాధిపతికి నిరీక్షణ జాబితాయే అసలు పరీక్ష

పెద్దపేగు లోపలి పొరపై మొలిచే చిన్న బుడిపె క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. పదేళ్లు పట్టడమూ కద్దు. ఒంట్లో పుట్టే పెను వ్యాధుల్లో వైద్యుడికి ఇంత వ్యవధి ఇచ్చేవి అరుదు. ఈలోగా కొలనోస్కోపీ గొట్టంతో చూసి, బుడిపెను తొలగిస్తే రోగి గండం నుంచి గట్టెక్కుతాడు. చూడవలసిన రోజు వాయిదాల మీద వాయిదాలు పడితే అదే బుడిపె ప్రాణాంతకమవుతుంది. మాజీ సైనికుల ఆసుపత్రిలో జీర్ణకోశ వైద్య బృందానికి సారథ్యం వహించే వ్యక్తి ఈ వ్యవధికి కాపలాదారు. అమెరికా వెటరన్స్ ఆసుపత్రుల పాతికేళ్ల అనుభవం ఈ విషయాన్ని రెండు విధాలా రుజువు చేసింది. కాపలా సక్రమంగా సాగిన చోట ప్రాణాలు నిలిచాయి. సడలిన చోట ప్రభుత్వమే తలదించుకోవలసి వచ్చింది.

బృందంలో ఎవరెవరు?

అమెరికా వెటరన్స్ వ్యవహారాల శాఖ అధీనంలో దాదాపు 170 పెద్ద ఆసుపత్రులున్నాయి. సుమారు 90 లక్షల మంది మాజీ సైనికులు అక్కడి వైద్యసేవల కోసం పేర్లు నమోదు చేసుకున్నారు. వీటిలో అనేకం వైద్య కళాశాలలకు అనుబంధంగా పనిచేస్తున్నాయి. అందువల్ల జీర్ణకోశ విభాగాధిపతి కింద అనుభవజ్ఞులైన వైద్యులతో పాటు శిక్షణలో ఉన్న యువ వైద్యులూ ఉంటారు. నర్సులు, మత్తు ఇచ్చేవారు, గొట్టాలను శుద్ధిచేసే సాంకేతిక సిబ్బంది, రోగులకు తేదీలు కేటాయించే గుమస్తాలు ఆ బృందంలో భాగమే. ఈ ఆసుపత్రుల్లో తెలుగు వైద్యులూ పనిచేస్తున్నారు.

రోగుల సంగతి వేరే చెప్పాలి. వియత్నాం యుద్ధకాలం నాటి వారు నేడు డెబ్భైలు దాటిన వృద్ధులు. వారిలో కాలేయ వ్యాధులు, హెపటైటిస్-సి, మద్యపాన సమస్యలు సాధారణ జనంలో కన్నా ఎక్కువగా కనిపించాయి. కొలనోస్కోపీకి రావలసిన రోగి ముందురోజే విరేచనాల మందు తాగి పేగును శుభ్రం చేసుకోవాలి. మత్తు ఇస్తారు గనుక తిరిగి ఇంటికి తీసుకెళ్లే మనిషి వెంట ఉండాలి. మారుమూల పల్లెలో ఒంటరిగా ఉంటున్న వృద్ధ సైనికుడికి ఈ రెండూ కష్టమే. మందు సరిగా తాగకపోయినా, తోడు దొరక్కపోయినా ఆనాటి పరీక్ష వృథా. ఆ తేదీ కోసం ఎదురుచూస్తున్న మరొకరి అవకాశమూ పోయినట్లే. కాబట్టి ముందుగా ఫోన్ చేసి హెచ్చరించే గుమస్తా పని వైద్యుడి పనికి ఏమాత్రం తీసిపోదు.

కొలంబియాలో ఏం జరిగింది?

దక్షిణ కరొలినా రాష్ట్రంలోని కొలంబియా నగరంలో విలియం జెన్నింగ్స్ బ్రయన్ డోర్న్ పేరిట వెటరన్స్ ఆసుపత్రి ఉంది. 2011 జులై నాటికి అక్కడ జీర్ణకోశ విభాగానికి పంపిన సిఫారసుల్లో 2,500 సకాలంలో పరిష్కారం కాకుండా పేరుకుపోయాయి. అందులో 700 అత్యవసరమైనవిగా గుర్తించారు. బయటి వైద్యుల చేత పరీక్షలు చేయించడానికి పై అధికారులు సుమారు 10 లక్షల డాలర్లు మంజూరు చేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని చందంగా, ఉద్దేశించిన పనికి ఆ సొమ్ములో మూడో వంతుకు మించి వినియోగం కాలేదు. అదే ఏడాది డిసెంబరు నాటికి పెండింగ్ సిఫారసుల సంఖ్య తగ్గకపోగా 3,800కు చేరింది. 2012 మే నెలలో ఒక రోగి విషయంలో అవాంఛనీయ సంఘటన జరిగాక గానీ యంత్రాంగంలో చలనం రాలేదు. అప్పుడు యుద్ధప్రాతిపదికన కదిలితే ఆ ఏడాది అక్టోబరు చివరికల్లా వరుస దాదాపు కరిగిపోయింది.

అప్పటికే జరగరాని నష్టం జరిగిపోయింది. జీర్ణకోశ క్యాన్సర్ బయటపడిన 280 మంది కేసులను తిరగదోడగా, 52 మంది విషయంలో రోగ నిర్ధారణలోనో చికిత్సలోనో జాప్యం చోటుచేసుకున్నట్లు తేలింది. ఆ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2013 సెప్టెంబరులో వెలువరించిన నివేదిక ఈ వైనాన్ని పూసగుచ్చినట్లు వివరించింది.

నివేదిక ఎత్తిచూపిన కారణాలు ఆలోచింపజేస్తాయి. వైద్యుడి చేతి నైపుణ్యం లోపించిందని అది తేల్చలేదు. జీర్ణకోశ విభాగానికి కావలసిన నర్సుల నియామకం సకాలంలో జరగలేదు. ఆసుపత్రిలో కీలక పదవులు తాత్కాలిక అధికారుల చేతులు మారాయి. వారికి వేరే బాధ్యతలూ, వేరే ప్రాధాన్యాలూ ఉన్నాయి. సిఫారసులను నమోదు చేసి వెంటాడవలసిన కంప్యూటర్ వ్యవస్థను సిబ్బంది సరిగా వాడలేదు. ప్రమాదం తక్కువగా ఉన్న వారికి సులువైన మల పరీక్షతో సరిపుచ్చవలసింది పోయి, వారినీ కొలనోస్కోపీ వరుసలోనే నిలబెట్టారు. ఫలితంగా రక్తం పడుతున్న రోగీ, ఏ లక్షణమూ లేని రోగీ ఒకే వరుసలో ఎదురుచూడవలసి వచ్చింది.

శుద్ధిలో నిర్లక్ష్యం

అంతకు నాలుగేళ్ల ముందే మరో హెచ్చరిక వచ్చింది. టెనెసీ రాష్ట్రంలోని మర్‌ఫ్రీస్‌బరో, ఫ్లోరిడాలోని మయామి, జార్జియాలోని అగస్టా వెటరన్స్ ఆసుపత్రుల్లో ఎండోస్కోపీ పరికరాల అమరికలోనూ, శుద్ధిలోనూ లోపాలు బయటపడ్డాయి. 2009 తొలి నెలల్లో 10 వేల మందికి పైగా మాజీ సైనికులకు రక్తపరీక్ష చేయించుకోవలసిందిగా లేఖలు వెళ్లాయి. మర్‌ఫ్రీస్‌బరోలో నీటి గొట్టానికి ఉండవలసిన ఒక కవాటం స్థానంలో వేరొకటి అమర్చడమే వివాదానికి మూలం. గొట్టం కడిగే గదిలో ఏం జరుగుతున్నదో విభాగాధిపతికి తెలియకపోతే ఎంతటి ముప్పు వాటిల్లుతుందో ఈ ఉదంతం తేటతెల్లం చేసింది.

విజయాలూ అక్కడివే

ఇంతమాత్రాన ఆ వ్యవస్థ అంతా లోపభూయిష్టమని తీర్మానిస్తే పొరపాటే. కొలనోస్కోపీ విలువను ప్రపంచానికి చాటిన అధ్యయనాల్లో ఒకటి ఈ ఆసుపత్రుల్లోనే జరిగింది. పోర్ట్‌లాండ్ వెటరన్స్ ఆసుపత్రి వైద్యుడు డేవిడ్ లీబర్‌మన్ సారథ్యంలో 13 ఆసుపత్రులు కలిసి, ఏ లక్షణాలూ లేని 3,121 మందిని పరీక్షించాయి. దాదాపు ప్రతి పదిమందిలో ఒకరికి ముదిరిన బుడిపె గానీ, క్యాన్సర్ గానీ ఉన్నట్లు 2000లో ప్రచురించిన ఫలితాలు వెల్లడించాయి. ఏటా చేసే మల పరీక్ష మేలా, ఒకసారి చేసే కొలనోస్కోపీ మేలా అన్నది తేల్చడానికి 2012-17 మధ్య 46 వెటరన్స్ ఆసుపత్రులు 50 వేల మందికి పైగా మాజీ సైనికులను మరో అధ్యయనంలో చేర్చుకున్నాయి.

హెపటైటిస్-సి విషయంలో సాధించినది మరింత ఘనం. 2014 నుంచి అందుబాటులోకి వచ్చిన కొత్త మాత్రలతో 2019 నాటికి సుమారు లక్ష మంది మాజీ సైనికులకు చికిత్స అందింది. నిపుణుడి గది ముందు రోగులు బారులు తీరేదాకా వేచి ఉండకుండా, ఫార్మసిస్టులకూ నర్సులకూ బాధ్యతలు అప్పగించారు. రికార్డుల్లో ఉన్న పేర్లను వెదికి మరీ రోగులను పిలిపించారు. కొలంబియాలో గుదిబండ అయిన జాబితాయే ఇక్కడ ఆయుధమయింది.

చట్టాలు మారినా...

ఫీనిక్స్ వెటరన్స్ ఆసుపత్రిలో నిరీక్షణ జాబితాల గుట్టు 2014లో రట్టయ్యాక శాఖ మంత్రి ఎరిక్ షిన్సెకి రాజీనామా చేశారు. 2018లో వచ్చిన మిషన్ చట్టం ప్రకారం 2019 జూన్ నుంచి కొత్త ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. నిపుణుడి వైద్యం కోసం 28 రోజులకు మించి ఆగవలసి వచ్చినా, గంటకు మించి ప్రయాణించవలసి వచ్చినా రోగి ప్రభుత్వ ఖర్చుతో బయటి వైద్యుడి వద్దకు వెళ్లవచ్చు.

ఇది ఊరటే గానీ, కొత్త చిక్కులూ తెచ్చింది. బయట చేసిన కొలనోస్కోపీ నివేదిక వెనక్కి రావాలి. బుడిపె పరీక్ష ఫలితం రోగి ఫైలులో చేరాలి. మళ్లీ ఎప్పుడు చూడాలో నిర్ణయించాలి. రోగి బయటికి వెళ్లినంత మాత్రాన విభాగాధిపతి బాధ్యత తీరిపోదు. మరోవైపు క్యాన్సర్ ముందస్తు పరీక్షలు 50కి బదులు 45 ఏళ్లకే ప్రారంభించాలని 2021లో అమెరికా నిపుణుల బృందం సిఫారసు చేయడంతో పరీక్షల అవసరం మరింత పెరిగింది.

సిబ్బంది సంగతి చూస్తే ఆందోళన కలుగుతుంది. 2025 ఆర్థిక సంవత్సరం ముగిసేనాటికి ఉద్యోగుల సంఖ్య దాదాపు 30 వేలు తగ్గుతుందని శాఖ 2025 జులైలో ప్రకటించింది. మరుసటి నెలలోనే ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వెలువడింది. వైద్యుల తీవ్ర కొరత ఉన్నట్లు అత్యధిక ఆసుపత్రులు అందులో తెలియజేశాయి. కొలంబియాలో నర్సుల ఖాళీలు ఎక్కడికి దారితీశాయో గుర్తున్నవారికి ఈ పరిణామం మింగుడుపడదు.

మనం నేర్వవలసింది

మన దేశంలో మాజీ సైనికుల వైద్యానికి వేరే పద్ధతి ఉంది. 2003 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈసీహెచ్‌ఎస్ పథకం కింద పాలీక్లినిక్ వైద్యుడు ముందుగా చూసి, అవసరమైతే సైనిక ఆసుపత్రికో, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికో సిఫారసు చేస్తాడు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం వంటి సైనికుల పల్లెలున్న తెలుగునాట ఈ ఏర్పాటు వేలాది కుటుంబాలకు ఆధారం. ఇక్కడా రోగి ఒక చోటి నుంచి మరో చోటికి కాగితం పట్టుకుని వెళ్లవలసిందే. ఆ కాగితం గమ్యం చేరిందా, పరీక్ష జరిగిందా, ఫలితం తిరిగి వచ్చిందా అని చివరిదాకా కనిపెట్టి ఉండే ఒక మనిషి, ఒక పట్టిక ప్రతి పాలీక్లినిక్‌లో ఉండడం అవసరం.

రోగుల వంతు కర్తవ్యమూ ఉంది. మలంలో రక్తం పడితే మూలశంకేనని సరిపెట్టుకుని నాటుమందుతో కాలం వెళ్లబుచ్చడం పల్లెల్లో తరచూ కనిపిస్తుంది. యాభై దాటినవారిలో రక్తహీనత, అకారణంగా బరువు తగ్గడం, మలవిసర్జన తీరు మారడం వంటివి కనిపిస్తే వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.

కొలంబియాలో నిధులున్నాయి, పరికరాలున్నాయి, వైద్యులున్నారు. వరుసలో ఎవరు ముందుండాలో, ఎవరు ఎన్నాళ్లుగా నిలబడి ఉన్నారో చూసే నాథుడే కరవయ్యాడు. అందుకే ఇలాంటి విభాగానికి అధిపతిని నియమించేటప్పుడు ఆయన చేతిలో గొట్టంతో పాటు నిరీక్షణ జాబితానూ పెట్టాలి. నర్సు ఖాళీని భర్తీ చేయించుకునే అధికారం, మంజూరైన సొమ్ము ఖర్చుపెట్టే అధికారం కూడా ఆయనకు ఇవ్వాలి. అధికారం ఒకరిది, జవాబుదారీ మరొకరిది అయితే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మిగులుతుంది. దేశం కోసం సరిహద్దులో కాపలా కాసిన వారికి ఆసుపత్రి వరుసలోనైనా ఒకరు కాపలా కాయాలని కోరడం గొంతెమ్మ కోరిక కాబోదు.