మంచు నిలబెట్టిన వైన్‌కు మంచే గండం

ఫ్రాన్స్ పశ్చిమాన ల్వార్ నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసే చోటికి చేరువలో నాంత్ నగరం ఉంది. దాని పరిసర తోటల్లో తయారయ్యే తేలికపాటి తెల్ల వైన్ పేరు మస్కడే. ధరలోనూ, పరిమళంలోనూ ఆర్భాటం లేని ఈ వైన్‌కు తాజాదనమే ఆస్తి. చల్లని వాతావరణం ప్రసాదించిన ఆ గుణం ఇప్పుడు రుతువుల మార్పుతో పరీక్షను ఎదుర్కొంటోంది.

ఈ వైన్ చరిత్ర మంచుతో ముడిపడి ఉంది. 1709 నాటి భీకరమైన చలికాలంలో ఆ ప్రాంతపు ద్రాక్షతోటలు చాలావరకు నాశనమయ్యాయి. చలిని తట్టుకోగల మెలోన్ ద బుర్గోన్ అనే తెల్ల ద్రాక్ష రకం ఆ తర్వాత విస్తరించింది. బ్రాందీ తయారీకి తెల్ల వైన్ అవసరమైన డచ్ వర్తకులూ ఆ సాగును ప్రోత్సహించారు. నేటికీ మస్కడేకు ఆ ద్రాక్షే ఆధారం.

ఈ రకానికి సొంత రుచి తక్కువ. అందుకే పులిసిన వైన్‌ను శీతకాలమంతా అడుగున చేరిన ఈస్ట్ మడ్డిపైనే ఉంచుతారు. 'స్యూర్ లీ' అని పిలిచే ఈ పద్ధతి వల్ల వైన్‌కు కొంత చిక్కదనం, నాలుకపై స్వల్పమైన చురుకుదనం వస్తాయి.

అట్లాంటిక్ తీరపు ఆల్చిప్పలు దీనికి చిరకాల సహచరులు. పచ్చి ఆల్చిప్పల ఉప్పదనానికి వైన్‌లోని పులుపు నిమ్మరసంలా తోడవుతుంది. రొయ్యలు, కాల్చిన సార్డిన్ చేపలు కూడా దీనితో చక్కగా కలుస్తాయి. నాంత్ ప్రాంతానికి పేరు తెచ్చిన 'బర్ బ్లాన్' అనే వెన్న సాస్‌తో వడ్డించే నదీ చేపల విషయంలో ఈ పులుపు వెన్న జిడ్డును తేలిక చేస్తుంది. తీపి వంటకాలు, ఘాటైన మసాలాల ముందు మాత్రం ఈ సున్నితమైన వైన్ తేలిపోతుంది.

భూతాపం ఈ సమతూకాన్ని రెండు వైపుల నుంచి దెబ్బతీస్తోంది. వేసవులు వేడెక్కితే ద్రాక్షలో చక్కెర పెరిగి, పులుపు తగ్గుతుంది. పులుపును కాపాడుకునేందుకు కోతను ముందుకు జరపాల్సి వస్తోంది. మరోవైపు, శీతకాలాలు వెచ్చబడి మొగ్గలు ముందే విచ్చుకుంటున్నాయి. ఆపై ఏప్రిల్‌లో ఒక్క రాత్రి గడ్డకట్టే చలి వచ్చినా లేత చిగుళ్లు మాడిపోతున్నాయి. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్ తోటలను కుదిపేసిన విపత్తు ఇటువంటిదే. మొగ్గలు తొడిగిన వేళ అంతటి చలి విరుచుకుపడే అవకాశాన్ని వాతావరణ మార్పు సుమారు 60 శాతం పెంచిందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం అంచనా వేసింది. చలి తీవ్రత తగ్గుతున్నా, వెచ్చదనం మొగ్గలను ముందే తొందరపెట్టడం వల్ల ముప్పు పెరుగుతోందన్నది ఆ విశ్లేషణ సారాంశం.

పంట నష్టం ఒక్క ఏడాదితో ఆగదు. 1991 ఏప్రిల్‌లోనూ మంచు మస్కడే పంటను దెబ్బతీసింది. సరుకు తగ్గి ధరలు పెరగడంతో బ్రిటన్ కొనుగోలుదారులు ఇతర వైన్‌ల వైపు మళ్లారు. ఇంటా గిరాకీ తగ్గుతోంది. 1960లలో ఏటా 100 లీటర్లు దాటిన ఫ్రెంచి తలసరి వైన్ వినియోగం ఇప్పుడు అందులో సగం కూడా లేదు. మిగులు ఉత్పత్తిని అదుపు చేసేందుకు తోటలను శాశ్వతంగా తొలగించే రైతులకు హెక్టారుకు 4,000 యూరోల చొప్పున చెల్లించే పథకాన్ని ఫ్రాన్స్ 2024లో చేపట్టింది.

రైతులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. కొమ్మల కత్తిరింపును ఆలస్యం చేసి మొగ్గలను ఆపడం, గాలిపంకాలతో, మంటలతో చలిని ఎదుర్కోవడం వంటి ఉపాయాలు అనుసరిస్తున్నారు. క్లిసన్, గోర్జ్, ల పాలే గ్రామాల పేర్లతో, మరింత కాలం మడ్డిపై నిలవ ఉంచిన మేలురకం వైన్‌లకు 2011లో ప్రత్యేక గుర్తింపు లభించింది. అయితే ఈ మార్గాలన్నీ ఖర్చుతో కూడుకున్నవే. చవకగా దొరకడమే బలంగా ఎదిగిన వైన్ ఆ భారాన్ని ఎంతవరకు మోయగలదన్నదే నాంత్ రైతుల ముందున్న అసలు ప్రశ్న.